దాన్ తర్వాత

బంగారుపాళ్యం హైస్కూలు, పదో తరగతి,
స్లిప్ టెస్టు కాయితాలు నలభై రెండు.
చిత్తూరు బస్సులో సగం దిద్దినాను,
కరెంటు పోయినాక సెల్లు వెలుతుర్లో మిగతా సగం.

పోలికల పాఠం అది.
ఎవరు ఎవరికంటే పొడుగు,
ఏది దేనంత బరువు.
పుస్తకంలో ఎప్పుడూ ఒక పిల్లోడు ఉంటాడు,
పాపం, ఇంకెవడికంటేనో పొట్టిగా.
వాడితో విసుగెత్తి నేనే అన్నాను,
మీ ఇంట్లోవి, మీ తోపులోవి రాయండర్రా అని.

మండీ పక్కింటి మునస్వామి కొడుకు రాసినాడు,
తోతాపురి బేనీషా అంత తీపి కాదని.
'యాజ్' పెట్టాలో 'సో' పెట్టాలో తెలీక
ఒకటి పెట్టి, కొట్టేసి, ఇంకొకటి పెట్టి,
మళ్ళీ రుద్ది,
తీపి ఉండాల్సిన చోట కాయితానికి చిల్లి.
కాదన్నప్పుడు రెండూ చెల్లుతాయిరా
అని పక్కన రాసినాను.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు రాత్రులు ట్రాక్టరు మీద పడుకున్నోడికి
కాదనడం గురించి నేను చెప్పేదేముంది.

ఇంకొకడు 'మోర్ బెటర్' అన్నాడు.
ఒకటి చాలదా నాయనా అన్నాను, కాయితంతోనే.
చాలదేమో.

ముప్పై ఏడోది గంగాభవానిది.
గుండ్రటి రాత, ఒక్క కొట్టివేత లేదు.
'మై మదర్ లవ్స్ అవర్ కౌ మోర్ దాన్ మీ.'

ఎర్ర పెన్ను దానంతటదే లేచింది.
మా చెంగల్రాయుడు సారు
చింతబరికెతో నేర్పిన సూత్రం:
దాన్ తర్వాత 'ఐ' రావాల,
'మీ' వొస్తే వీపు విమానం మోత.

గీత గియ్యబోయి ఆగినాను.
'ఐ' పెడితే,
ఆవంటే అమ్మకూ ప్రేమ, నాకూ ప్రేమే,
నాది రవ్వంత తక్కువ.
తెల్లారుజామున పేడ తీసే పిల్ల
ఆ మాత్రం ఒప్పుకుంటే తప్పులేదు.
'మీ' ఉంచితే,
తక్కెట్లో ఒక పక్క ఆవు, ఒక పక్క పిల్ల,
పట్టుకున్న చెయ్యి అమ్మది,
గాల్లోకి లేచిన తట్ట ఎవరిదో చెప్పక్కర్లేదు.

తెలుగులో రాస్తే రెండూ ఒంటి అక్షరాలే.

మన మాటలో పెట్టి చూసినాను.
నాకంటే మాయమ్మకు ఆవంటే ఎక్కువ ఇష్టం.
మాయమ్మకు నాకంటే ఆవంటే ఎక్కువ ఇష్టం.
వాళ్ళు అక్షరం మారుస్తారు,
మనం చాప మార్చినట్టు చోటు మారుస్తాం,
అమ్మ పక్కన ఎవరు పడుకోవాలో
అక్కడ తేలిపోతుంది.

పద్దెనిమిదేళ్ళుగా చెప్తున్నా
ఆ రాత్రే చెవిన పడింది:
మనం పోల్చేది 'కంటే'తో, 'కన్నా'తో.
రెండు మాటల్లోనూ ఎవరో
ఎవర్నో కంటున్నట్టే వినపడుతుంది.
మా పక్క 'మాదిరి' అని ఇంకొకటుంది,
అది మంచిది, ఎవర్నీ చిన్నచెయ్యదు.
టెస్టులో దాన్ని అడగలేదు నేను.

పొద్దున పాలకేంద్రం నుంచి నేరుగా బడికొచ్చింది,
జడలో గడ్డిపోచ.
కాయితం వెనక్కి తిప్పి బొమ్మలు గీసినాను:
ఒక ఆవు, ఒక అమ్మ, జడేసుకున్న ఒక పిల్ల.
బాణం ఇట్లా పోతే 'ఐ'.
అట్లా పోతే 'మీ'.
నీ మనసులో ఏముండాది మే?

చానాసేపు చూసింది.
'ఏది రాస్తే మార్కు వొస్తాదో
అది పెట్టండి మేడం.'

రెండింటికీ వొస్తాది, అన్నాను.

'అయితే ఉండనీండి.'

కాయితం మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.
తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.
'మా ఆవుకు కొమ్ములు లేవు మేడం.
మీరు పెట్టేసినారు.'